మూడుసార్లు చదువొచ్చిన మనిషి

లాలాపేట్ మలుపులో కూరగాయల బండి దగ్గర బెండకాయలు ఏరుతూ తలెత్తితే, కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీలోంచి ఆమె నన్ను చూసి నవ్వుతోంది. పైన దీపం బొమ్మ, కింద ఇంటివాళ్ల పేర్లు. పోయి పదకొండు రోజులైందని బండివాడు చెప్పాడు. నాకు కబురు చేసినవాళ్లు లేరు.

ఇంట్లో ఆమె ఫోటో ఇంకొకటి దొరికినట్టు లేదు. చదువుల పథకం వాళ్లు ఒకప్పుడు అచ్చు వేయించిన పోస్టరులోంచే ముఖం కత్తిరించి పెట్టారు. కత్తిరింపు సరిగా కుదరలేదు. గడ్డం కింద పలక అంచు, దాని మీద సుద్దతో రాసిన ‘అ’ సగం కనపడుతున్నాయి. ఆ ‘అ’ వంకరగా రాయడానికి ఆమె ఎంత అవస్థ పడిందో నాకు తెలుసు. పక్కనే కూర్చుని ఉన్నాను. ఫోటో తీసేవాడు మూడుసార్లు చెరిపించాడు. “ఇంకొంచెం రానట్టు రాయమ్మా, మరీ మంచిగొస్తున్నది” అని.

ఆమె పేరు రాయను. ప్రభుత్వం కంప్యూటర్లలో ఆమె పేరు నాలుగు చోట్ల ఉంది, నాలుగు చోట్లా నాలుగు రకాలుగా ఉంది. అయిదో రకం నేను కల్పించడం ఎందుకు?

నాకు ఆమె పరిచయమైంది ఆ పథకం వల్లే. నేను నాలుగో తరగతి దాకా చదివాను. మా ఊళ్లో బడి అంతవరకే ఉండేది, పై చదువుకు ఆడపిల్లను పొరుగూరు పంపలేదు. ఉన్న నాలుగు తరగతులనూ ఇన్నేళ్లుగా పొదుపుగా వాడుకుంటూ వస్తున్నాను. పేపరు చదువుతాను. మందుల చీటీలో డాక్టరు రాసింది తప్ప అచ్చు వేసినదంతా చదవగలను. ఒకనాడు తార్నాకలో మా ఇంటికి మెడలో కార్డు, చేతిలో ఫోను ఉన్న మనిషొకడు వచ్చాడు. నలభైకి దగ్గరపడ్డ మనిషి, భుజాన పుస్తకాల సంచీ.

“ఇంట్ల చదువు రానోళ్లు ఎవరన్న ఉన్నరా అమ్మా?” అన్నాడు.

“లేరు.”

“మీరేం చదివిన్రు?”

“నాలుగు.”

“సర్టిఫికెట్ ఉన్నదా?”

“నాలుగో తరగతికి సర్టిఫికెట్ ఎవరిస్తారయ్యా?”

“అయితే లేనట్టేనమ్మా” అని ఫోనులో ఏదో నొక్కాడు. “ఉద్యోగం?”

“ఈ వయసులో ఏం ఉద్యోగం?”

“నిరుద్యోగి” అని పైకి చదువుతూ అదీ నొక్కాడు.

తెల్లవారకముందే లేచి, ఆరుగురికి వంట చేసి, బట్టలు ఆరేసి, అప్పుడే పప్పు రుబ్బడం ముగించి చెయ్యి కడుక్కుని వచ్చాను నేను. అయినా వాదించలేదు. క్లాసు యూనివర్సిటీలో, మా ఇంటికి దగ్గర గేటులోంచి వెళితే పది నిమిషాలు. సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా ఫ్యాను, టీ, రెండు బిస్కెట్లు ప్రభుత్వానివి. ఆ రెండు గంటలూ ఇంట్లో నా గది ఫ్యాను ఆపెయ్యవచ్చు. సరేనన్నాను.

ఆ మనిషే మా సారు. యూనివర్సిటీలో చాలా ఏళ్లుగా పరిశోధన చేస్తున్నాడు. దేని మీద అని అడిగితే వయోజన విద్య మీద అన్నాడు. ఎన్నో ఏడు అని అడిగితే టీ చల్లారిపోతోందన్నాడు. ఫెలోషిప్పు ఎప్పుడో ఆగిపోయింది, ఈ క్లాసు జీతమే అతనికి ఆధారం.

క్లాసు ఒక పాత సైకిల్ షెడ్డులో. మూడు పక్కల గోడ కట్టి, నాలుగో పక్క పథకం బ్యానరు కట్టారు. పని లేని పెద్దవాళ్లకు చదువు, లెక్కలు నేర్పి పని దొరికేలా చెయ్యడం దాని ఉద్దేశమని బ్యానరు మీద ఉంది. తీరా చూస్తే వచ్చేవాళ్లంతా పని మానుకుని రావలసి వచ్చేది. పేర్లు ముప్పై ఒకటి, రోజూ కనపడే ముఖాలు పది. ఆ పదిమందిలో నిజంగా అక్షరం ముక్క రానివాళ్లు నలుగురు. ఇస్త్రీ బండి ఆమె, ఇడ్లీ బండి ఆమె, హాస్టలు వరండాలు ఊడ్చే అక్కాచెల్లెళ్లిద్దరు. తక్కినవాళ్లకు ఎంతో కొంత వచ్చు. కానీ పథకానికి ఒక షరతు ఉంది. క్లాసులో ఎప్పుడు చూసినా చదువు రానివాళ్లు కనీసం ముప్పైమంది ఉండాలి. ఒక్కరు తగ్గినా ఈ క్లాసు ఎత్తేసి రామంతాపూర్ క్లాసులో కలిపేస్తారు. చదువు నేర్పడానికి పెట్టిన చోట చదువు రానివాళ్లు తగ్గిపోతే శిక్ష అన్నమాట. అందుకని సారు మమ్మల్నందరినీ జాగ్రత్తగా చదువు రాకుండా కాపాడుకుంటూ ఉండేవాడు.

మొదటి రోజు హాజరు దగ్గరే ఆమెను గమనించాను. చిన్న పెట్టెలాంటి మిషను మీద వేలు పెడితే హాజరు పడుతుంది. నా వెనక నిలబడ్డ ఆమె వేలు పెట్టింది. మళ్లీ ప్రయత్నించండి అంది మిషను. ఇంకో వేలు పెట్టింది. మళ్లీ ప్రయత్నించండి. ఆమె పొద్దున్నే తార్నాక అడ్డా మీద నిలబడి కూలికి పోయే మనిషి. ఇటుక, సిమెంటు కలిసి ఆ వేళ్ల మీది గీతలను ఎప్పుడో తినేశాయి. పదివేళ్లూ అయ్యాక సారు విసుగ్గా రిజిస్టరు తీశాడు.

“ఇగ సంతకం పెట్టు. ఏం జేస్తం” అన్నాడు.

ఆమె కొప్పులోంచి పెన్సిలు తీసి, ఇంటిపేరుతో సహా పేరంతా గుండ్రంగా రాసి, కింద ఒక గీత గీసింది. ఆ పేజీ పైన ‘నిరక్షరాస్యుల హాజరు పట్టిక’ అని ఉంది. మా అందరిలో రోజూ సంతకం పెట్టే నిరక్షరాస్యురాలు ఆమె ఒక్కతే.

“నీకు చదువొచ్చా?” అని అడిగాను.

“మూడుసార్లొచ్చింది పెద్దమ్మా. గిది నాలుగోసారి” అంది.

అర్థం కాలేదు. చాప మీద నా పక్కన చతికిలబడి వివరంగా చెప్పింది. “మొదటిసారి నిజంగనే వచ్చింది. నలభై దినాలల్ల వచ్చింది. అప్పటి సారు మంచోడు, అరిచెటోడు. ఎనక పథకం పేరు మారింది. పేరు మారితే అందరిది మళ్ల మొదటికెల్లి షురూ అయితదట. మనుషులు తక్కువున్నరు జర రా అక్కా అన్నరు, పోయిన. రెండోసారి వచ్చింది. మళ్ల పేరు మారింది. మూడోసారి వచ్చింది. ఎనక రెండుసార్లు సర్కారు కోసం వచ్చింది పెద్దమ్మా, నా కోసం కాదు.”

ఒక్కో పథకం ఒక్కో రంగు పలక ఇచ్చిందట. ఎరుపు, నీలం, ఆకుపచ్చ. మూడూ ఇంట్లో ఉన్నాయట, పిండి డబ్బాల మీద మూతలుగా వేసిందట. వస్తువు వృథా చెయ్యని మనుషులంటే నాకు గౌరవం. అప్పటి నుంచీ ఆమె పక్కనే కూర్చున్నాను.

నెలకోసారి పైనుంచి ఎవరో తనిఖీకి వచ్చేవారు. వచ్చే ముందురోజు సారు బ్యానరు దుమ్ము దులిపేవాడు, ఆమె మాకు తర్ఫీదు ఇచ్చేది. చదవడంలో కాదు, చదవకపోవడంలో. రంగస్థలం మీద వేషాలు నేర్పే మేస్త్రీలా చాపల మధ్య తిరుగుతూ చెప్పేది.

“పుస్తకం తలకిందుల పట్టుకోకుర్రి. గట్ల సిన్మాలల్ల పట్టుకుంటరు. చదువు రానోళ్లకు బొమ్మ కనవడతది గద, పుస్తకం సక్కగనే పట్టుకుంటరు. కండ్లు గీ పక్కకెల్లి గా పక్కకు పోనియ్యద్దు, ఒక్క కాడ నిలవెట్టాలె. పెన్సిలు పొయ్యిల కట్టె పట్టినట్టు పట్టాలె. ఆఁ, గట్ల!”

ఇడ్లీ బండి ఆమె బాధగా అంది, “అక్కా, నాకు నిజంగనే రాదు. నేనెట్ల పట్టాలె?”

“నువ్వెట్ల పట్టినా మంచిగనే ఉంటది తీ. పరేషాన్ కాకు” అని, నా దగ్గర ఆగింది. “నీతోనే కష్టం పెద్దమ్మా. తప్పులుంటె దిద్దుత అన్నట్టు చూస్తవ్. జర ముంగట గోడ చూడు.”

గోడ చూడటం నాకు చేతకాలేదు. గోడ మీద కూడా ‘పరిశుబ్రత’ అని రాసి ఉంది, వత్తు లేకుండా.

సారు చెడ్డవాడని అనను. పాఠం చెప్పడానికి అతనికి సమయం ఉండేది కాదు, అంతే. రోజూ మేము చదువుతున్నట్టు ఫోటో తీసి పైకి పంపాలి. అది వెళ్లదు, షెడ్డు బయటికి వెళ్లి ఫోను ఎత్తి పట్టుకుని చెట్ల కింద తిరగాలి. వారానికో నివేదిక. ఆ పైన తన పరిశోధన. వయోజనులకు చదువు ఎలా చెప్పాలో మూలన కుర్చీలో కూర్చుని రాసుకుంటూ ఉండేవాడు. ఆ వేళకు ఆమె నలుగురినీ గోడ పక్కకు జరుపుకుని చదువు చెప్పేది.

మాకిచ్చిన పుస్తకం ఆమెకు నచ్చేది కాదు. “గీ పుస్తకంల ఎద్దున్నది, నాగలున్నది, సిలిండరు లేదు. లాలాపేట్‌ల ఎద్దేడికెల్లి వస్తది?” అనేది. గ్యాసు చీటీ, మందుబిళ్లల అట్ట, ఆధార్ కార్డు, ఇవీ ఆమె పుస్తకాలు. ఇస్త్రీ ఆమెకు కూడికలు, తీసివేతలు బట్టలతోనే చెప్పింది. “పదమూడు చొక్కలిచ్చిన్రు. ఏడు చేసినవ్. ఇంకెన్ని చెయ్యాలె? వేళ్లు లెక్కవెట్టకు, మూట దిక్కు చూడు.” ఆరు దాటాక ఇంటికి వెళ్లే దారిలో నడిపిస్తూ హాస్టళ్ల బోర్డులు, డిపార్టుమెంట్ల బోర్డులు, తార్నాక దుకాణాల షట్టర్లు చదివించేది. తప్పు చదివితే అడుగు ముందుకు వెయ్యనిచ్చేది కాదు. ఒకరోజు ఊడ్చే అక్కాచెల్లెళ్లలో చిన్నది ‘భౌతిక’ దగ్గర ఆగిపోయింది. వెనక వస్తున్న విద్యార్థుల బైకులు హారన్లు కొట్టినా కదలనివ్వలేదు.

“ఆగుర్రి నాయనా, మీరు గీ బోర్డు చదువుకొనే గద గక్కడిదాంక పోయిన్రు” అంది వాళ్లతో.

ఆమె చదువు పిచ్చి ఎంతదంటే, మిరపకాయ బజ్జీ కొంటే ముందు కాగితం చదివేది. నూనె పీల్చి అక్షరాలు అవతలి పక్కవి కూడా కనపడుతూ ఉంటే వెలుతురుకు పెట్టి విడదీసి చదివేది. చల్లారిన బజ్జీ తింటూ, “గీయనెవరో భూమి కోసం కోర్టుకు పోయిండు పెద్దమ్మా. గెలిచిండో లేదో నీ కాగితంల ఉన్నదేమో చూడు” అనేది. నేను బయట బజ్జీ కొనను. అయినా ఆమె కొనిచ్చిన పొట్లం చూసి చెప్పేదాన్ని.

ఇక అసలు సంగతి. ఒక సాయంత్రం ఆమె కుంటుతూ వచ్చి, “పెద్దమ్మా, నౌకరీ వడ్డది” అంది. లేడీస్ హాస్టల్ మెస్సు స్టోరులో మనిషి కావాలని బోర్డు మీద చూసిందట. సామాను దిగేటప్పుడు చీటీ చదివి, తూకం చూసి, పుస్తకంలో రాయాలి. కుర్చీ ఉంటుంది. ఆ కుర్చీ మాట చెప్పేటప్పుడు ఆమె చెయ్యి మోకాలి మీదికి పోయింది. ఆ మోకాలికి మెట్లెక్కే రోజులు అయిపోయాయి. అడ్డా మీద మేస్త్రీలు ఆమె నడక చూసి పక్కవాళ్లను పిలుచుకుంటున్నారు. వార్డెన్ మేడం ఆమె చేత చదివించి, తూకాలు వేయించి చూసి, సరేనందట. చదువొచ్చినట్టు కాగితం ఒక్కటి తెస్తే చాలు.

“నీ దగ్గర మూడున్నాయిగా?”

“చూపిచ్చిన. గా పథకాలు బందయినయ్, వాటి చదువు చెల్లదన్నరు. కంప్యూటర్ల చూస్తె నాకు చదువు రాదని ఉన్నదట.”

ఉండదా మరి! అది మా సారు ఎక్కించిందే.

సారు చెడ్డవాడు కాదని ఇందాక అన్నానుగా, ఆ విషయం తెలిశాక ఒక ఉపాయం ఆలోచించాడు. ఆ వారంలోనే మాకు పరీక్ష ఉంది. ముందురోజు అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు. “మనం ముప్పై ఒక్కమందిమి ఉన్నం. ఒక్కలు పాసయితె ఖతరా లేదు, ముప్పై ఉంటరు. గా ఒక్కలు గీ అక్క. మిగిలినోళ్లు జర తప్పులు రాయుర్రి. అమ్మా, మీకే చెప్తున్న” అని నా వైపు చూశాడు.

“వినపడింది” అన్నాను.

నిజంగానే వినపడింది. ఇప్పుడు వినలేదని చెప్పి తప్పించుకోను.

పరీక్షకు వచ్చిన ఆఫీసరు చిన్నవాడు, తెల్ల చొక్కా. ఒక్కొక్కరినీ పిలిచి ఒక పేరా చదివించి, రెండు లెక్కలు చేయించి, ఫలితం అక్కడికక్కడే ట్యాబులో నొక్కుతున్నాడు. పెద్దవాళ్లు ముందని నన్ను పిలిచాడు. నా వెనకే ఆమె. కుర్చీలో కూర్చోగానే నా నెరిసిన జుట్టు చూసి, చెవిటిదానితో మాట్లాడినట్టు గట్టిగా అన్నాడు.

“ఏం అవ్వా! భయపడకు. ఇది ఏ అక్షరమో తెలుసా? బొమ్మ చూసి చెప్పినా చాలు. పాపం, ఈ వయసులో వచ్చినవ్, అదే గొప్ప!”

పాపం అన్నాడు. నన్ను. మా ఆయన ఆఫీసు కాగితాలు ఒక్కోసారి నా చేత చదివించుకునేవారు. పుస్తకం అతని చేతిలోంచి లాక్కున్నాను. చేతులు కడుక్కోవడం గురించిన పేరా ఆగకుండా చదివాను. పేజీ తిప్పి, పరీక్ష పెట్టేవారికి సూచనలు అని ఉంటే అవీ చదివాను. ‘అభ్యాసకులతో మర్యాదగా మాట్లాడవలెను’ అన్నదాన్ని రెండుసార్లు చదివాను. మొదటి లెక్క నోటితో చెప్పాను. రెండో లెక్కకు వాళ్లు అచ్చు వేసుకున్న జవాబు తప్పని వేసి చూపించాను.

ఆఫీసరు కుర్చీలోంచి లేచాడు. “శభాష్ అమ్మా! ఇదీ పథకం విజయమంటే!” అని ట్యాబులో నొక్కాడు. టింగుమంది. నేను విజయగర్వంతో తలెత్తితే కిటికీ దగ్గర సారు రెండు చేతులతో తల పట్టుకుని ఉన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది.

వెనక్కి తిరిగాను. ఆమె నన్ను చూడలేదు. గోడ పక్క చాప మీద నలుగురూ పెదవులు కదుపుతూ చదువుకుంటున్నారు, వాళ్లను చూస్తోంది. ముప్పై ఒకటిలో ఒకటి నేను ఖర్చు పెట్టేశాను. ఇక ఆమె పాసయితే ఇరవై తొమ్మిది. పొద్దంతా ఇస్త్రీ చేసి, ఊడ్చి, ఇడ్లీలు అమ్మి, ఆ నలుగురు బస్సెక్కి రామంతాపూర్ పోయి చదువుకుంటారా?

“రామ్మా, కూర్చో” అన్నాడు ఆఫీసరు.

ఆమె కూర్చుంది. పుస్తకం సక్కగానే పట్టుకుంది. కళ్లు ఒక్క చోట నిలబెట్టింది. పెన్సిలు పొయ్యిలో కట్టెలా పట్టుకుంది. “చే... చే...” అంది. నుదుట చెమట కూడా పట్టింది, అదెలా తెప్పించుకుందో నాకు తెలియదు. చివరకు, “తెల్వది సారూ” అని పుస్తకం మూసింది.

“పర్వాలేదమ్మా, వచ్చేసారి” అని అతను ఎంతో దయగా అన్నాడు.

ఆ సాయంత్రం సారును నిలదీశాను. “నా పేరు తీసెయ్యి. నాకు చదువు రాదని మళ్లీ రాయి.”

“కంప్యూటర్ల ఒక్కసారి చదువొస్తె పోదమ్మా.”

“పొరపాటున వచ్చిందని రాయి.”

“చదువు పొరపాటున ఎట్లొస్తదమ్మా? గా బటన్ లేదు.”

“మరి ఆమె సంగతి?”

“ఇంకొక్కల పేరు ఎక్కితె చాలు. మళ్ల ముప్పై ఒకటి అయితరు. శనివారం సర్టిఫికెట్ల మీటింగుకు ఆఫీసరు వస్తడు, గక్కడనే పరీక్ష పెట్టిచ్చి కాయితం ఇప్పిస్త.”

వార్డెన్ సోమవారం దాకా గడువు ఇచ్చింది. నేను క్షమాపణలు చెప్పే మనిషిని కాను. చెప్పులేసుకుని చదువు రాని మనిషి కోసం బయలుదేరాను. మా వీధిలో రిటైరైన ప్రొఫెసర్లు అయిదుగురున్నారు, వాళ్లు పనికిరారు. మూడో ఇంట్లో అంట్లు తోమే ఆమెను అడిగితే, మెట్టుగూడలో పోయిన పథకంలోనే తనకు చదువొచ్చేసిందని చెప్పింది. “ఏదీ, ఈ బోర్డు చదువు” అంటే, “చదువొచ్చిందన్న గని చదువస్తదన్ననా?” అంది. అపార్టుమెంటు వాచ్‌మన్‌ను అడిగితే, “నేను టెన్త్ అమ్మా, ఇజ్జత్ తియ్యకు” అని ముఖం తిప్పుకున్నాడు. లాలాపేట్‌లో రెండు సందులు తిరిగాను. చదవలేనివాళ్లు చాలామందే కనపడ్డారు. రికార్డుల్లో మాత్రం ఒక్కరూ మిగల్లేదు. ఇన్ని పథకాలూ కలిసి అందరినీ అక్షరాస్యులను చేసి పెట్టాయి. శుక్రవారం సాయంత్రం కాళ్లు పీకుతుంటే షెడ్డుకు తిరిగి వచ్చి, ఎవరూ దొరకలేదని ఆమెకు చెప్పాను.

“తిరిగినవా? నా కోసం?” అని నా కాళ్ల వైపు చూసింది. అంతే. తిట్టి ఉంటే బాగుండేది.

పైగా శనివారం మీటింగులో నేను మాట్లాడాలట. కొత్తగా చదువొచ్చినవాళ్లలో వయసులో పెద్దదాన్నని. ఉపన్యాసం సారు తయారు చేశాడు. అతని రాత కోడిగీతల్లా ఉందని, ఆమె చేత పెద్ద పెద్ద అక్షరాలతో ఎత్తి రాయించి నాకిచ్చాడు. అక్షరాస్యురాలు చదవబోయే ఉపన్యాసం నిరక్షరాస్యురాలు రాసిపెట్టింది. అందులో తప్పు ఒక్కటి లేదు. నేను వెతికాను.

మీటింగు యూనివర్సిటీలోనే ఒక హాలులో. వేదిక మీద ఆఫీసరు, ఆయన పైఆఫీసరు, పక్కన లేడీస్ హాస్టల్ వార్డెన్. కింద మొదటి వరుస చదువొచ్చినవాళ్లకు, మూడో వరుస చదువు రానివాళ్లకు, చప్పట్లు కొట్టడానికి. ఆమె, నలుగురూ మూడో వరుసలో. సారు ఫోను ఎత్తి వీడియో తీస్తున్నాడు.

మైకు ముందు నిలబడి చదవడం మొదలుపెట్టాను. పెద్దలకు నమస్కారం దాకా బాగానే నడిచింది. తర్వాతి వాక్యం దగ్గర ఆగాను. ‘నా చీకటి బతుకులో ఈ పథకం దీపం వెలిగించింది’ అని ఉంది. నా బతుకు చీకటి ఎప్పుడైంది? ఎవరు చెప్పారు వీళ్లకు? కాగితం వైపే చూస్తూ నిలబడిపోయాను. మొదటి వరుసలో ఎవరో పాపం అన్నారు.

మూడో వరుసలోంచి ఆమె గొంతు ఖంగుమంది. “చీకటి బతుకుల, పెద్దమ్మా! నా చీకటి బతుకులో ఈ పథకం దీపం వెలిగించింది! చదువు!”

అందరూ వెనక్కి తిరిగారు. పైఆఫీసరు తన ముందున్న మైకు దగ్గరకు లాక్కున్నాడు. “ఎవరమ్మా అది? కాగితంలో ఉన్నది నీకెట్ల తెలిసింది?” తర్వాత మా ఆఫీసరు వైపు తిరిగి, “ఆ వరుస చదువు రానివాళ్లది కదా?” అన్నాడు.

సారు చేతిలో ఫోను కిందికి దిగింది. వార్డెన్ మేడం ఆమెను గుర్తుపట్టి ముందుకు వంగింది. మూడో వరుసలో ఆమె మోకాలి మీద చెయ్యి పెట్టి, లేవడానికన్నట్టు ముందు కుర్చీ పట్టుకుంది. ‘గది నేనే రాసిన’ అని చెప్తే అయిపోతుంది. కాగితం అక్కడే ఇచ్చేస్తారు, సోమవారం కుర్చీలో కూర్చుంటుంది. ఆమె పక్కన నలుగురూ ఆమె ముఖం వైపు చూస్తున్నారు. మోకాలు సహకరించక సగం లేచి ఆగింది.

నేను మైకులో అన్నాను. “ఆమెకు చదువు రాదండీ. పొద్దుటి నుంచి నేను వల్లె వేస్తుంటే విని పట్టేసింది.”

పైఆఫీసరు తేలిగ్గా నవ్వాడు. “చూశారా మన అక్కల జ్ఞాపకశక్తి! దీన్నే మనం చదువుగా మార్చాలి” అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. వార్డెన్ మేడం ఒక నిమిషం అలాగే చూసి, వెనక్కి ఆనుకుని తనూ కొట్టింది. ఆమె కూర్చుంది. నేను చీకటి బతుకు దగ్గర నుంచి చివరి దాకా చదివాను.

తిరిగి వచ్చేటప్పుడు చెట్ల కింద దారిలో ఇద్దరమే నడిచాం. నలుగురూ ముందు వెళ్లిపోయారు. ఆమె మోకాలి కోసం నేను మెల్లగా నడిచాను, నాకు మెల్లగా నడవడం ఇష్టం ఉండదు.

“నేను మాట్లాడకపోతే లేచి ఏం చెప్పేదానివి?” అని అడిగాను.

“లేచేదాంక నాకెట్ల తెలుస్తది పెద్దమ్మా? సగంల ఉండంగనే నువ్వు చెప్పేసినవ్.”

కొంత దూరం నడిచాక మళ్లీ నేనే అడిగాను.

“మూడు పథకాలు నోరు మెదపకుండా నెట్టుకొచ్చావు. ఇవాళ ఎందుకు అరిచావు?”

“నువ్వాగినవ్ గద” అంది, నా వైపు చూడకుండా. “నా రాత తెలుస్తలేదేమో అనుకున్న.”

“తెలుస్తోంది.”

“మంచిగ తెలుస్తున్నదా?”

“కళ్లద్దాలు లేకుండా కూడా చదవచ్చు” అన్నాను.

షెడ్డు దగ్గరకు వచ్చేసరికి నలుగురూ చాప పరుచుకుని కూర్చుని ఉన్నారు. ఆమె చెయ్యి చాపింది. “గా కాయితం ఇటియ్యి పెద్దమ్మా. ఎనక అంత ఖాళీగున్నది.” ఇచ్చాను. కాలు చాపుకుని కూర్చుని, నా ఉపన్యాసాన్ని బోర్లా తిప్పి, నలుగురికీ నాలుగు తీసివేతలు రాసింది.